ఆకును వెనక్కి తిప్పి చూడండి

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, మనవలను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తాతలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు ప్రత్యేకంగా నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారు దయచేసి ముందుకు రండి. నేను చూపించబోయేవన్నీ చిన్న చిన్న వస్తువులు. దూరానికి కనబడవు.

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు బొమ్మలు గీయడం, చేతిపనులు నేర్పుతున్నాను. ఇన్నేళ్లలో తల్లిదండ్రులు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. "సెలవులు వస్తున్నాయి, పిల్లల చేత ఏమి చేయించమంటారు?" ఎంతో ప్రేమతో అడిగే ప్రశ్న అది. కానీ అందులోని ఒక మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. చేయించడం. పిల్లలు చేయాలి, మనం చేయించాలి. అన్నం తినిపించినట్టు, లెక్కలు చేయించినట్టు, పద్యం వల్లె వేయించినట్టు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. చేయించకండి. పక్కన కూర్చుని మీరు కూడా చేయండి. మీ బొమ్మ మీరు, వాళ్ల బొమ్మ వాళ్లు.

"మరి తప్పు చేస్తే ఎవరు దిద్దుతారు?" అని మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు. దానికి నా దగ్గర జవాబు ఉంది, అది ఋతువుల నుంచి వచ్చిన జవాబు. అక్కడికి వెళ్లే ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్లు. రాలిన ఆకులు ఏరుకొచ్చి అట్ట మీద పక్షిని అతికిస్తోంది. పొడవాటి ఆకు ఒకటి ఒళ్లు, రెండు గుండ్రటి ఆకులు రెక్కలు, ఒక గింజ కన్ను. ఆ కన్నును తోక దగ్గర పెట్టింది. నేను వంటింట్లోంచి వస్తూ చూశాను. ఏమీ అనలేదు. జిగురు ఆరకముందే ఆ గింజను రెండు వేళ్లతో తీసి తల దగ్గర పెట్టి వెళ్లిపోయాను. మూడు క్షణాల పని. పాప అలాగే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. మర్నాడు అట్ట, జిగురు తీసి ముందు పెడితే, "నువ్వే చెయ్యి అమ్మా, నీకు బాగా వస్తుంది" అంది.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. చాలా రోజుల తరువాత, ఆ కన్ను తోక దగ్గర ఎందుకు పెట్టావని అడిగాను. "వెనక నుంచి పిల్లి వస్తుందేమో చూసుకోవాలి కదా" అంది. అంటే ఆ పక్షికి ఒక కథ ఉంది. ఆ కథను నేను తెలియకుండానే చెరిపేశాను. పిల్లల బొమ్మల ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ గింజ గుర్తొస్తుంది.

మూడు నాలుగేళ్ల పిల్లలు మనిషిని గీస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెద్ద గుండ్రటి తల, దాని కిందనుంచే నేరుగా రెండు కాళ్లు. పొట్ట ఉండదు. తోకకప్పలా ఉంటుంది ఆ మనిషి. లోకంలో చాలా చోట్ల పిల్లలు ఆ వయసులో అలాగే గీస్తారు. ఎవరూ నేర్పనవసరం లేదు, ఎవరూ దిద్దనవసరం లేదు. పొట్ట దానంతట అదే ఏదో ఒక రోజు వస్తుంది. మనం తొందరపడి పొట్ట గీసి ఇస్తే వాళ్లకు పొట్ట రాదు, మన బొమ్మను చూసి గీయడం వస్తుంది.

ఇప్పుడు ఋతువుల దగ్గరికి వస్తాను.

మనం చిన్నప్పుడు ఆరు ఋతువుల పేర్లు కంఠతా పట్టాం. చెట్లు చిగిర్చే కాలం, ఎండలు కాచే కాలం, వానలు కురిసే కాలం అంటూ అప్పజెప్పాం. మీరు ఎక్కడ ఉన్నా, అక్కడ ఋతువులు ఆరైనా నాలుగైనా రెండే అయినా, ప్రతి కాలమూ వాకిట్లో ఏదో ఒకటి రాల్చి వెళుతుంది. ఆకు, పువ్వు, గింజ, ఈక, పుల్ల, గులకరాయి, ఏమీ లేనప్పుడు కనీసం నీడ. దుకాణంలో కొన్న సామగ్రికి, ఇలా ఏరుకున్న సామగ్రికి ఒక తేడా ఉంది. కొన్న చార్టు కాగితం మీరు ఏం చేసినా ఊరుకుంటుంది. ఏరుకున్న ఆకు ఊరుకోదు. పచ్చి ఆకును అట్ట మీద అతికించి చూడండి. రెండో రోజుకు ఆరి ముడుచుకుపోయి, జిగురును పీక్కుని లేచిపోతుంది. బాగా ఎండిన ఆకును మడవబోతే పుటుక్కున విరుగుతుంది. మట్టి బొమ్మకు కాళ్లు లావుగా, చేతులు సన్నగా చేస్తే, సన్నవి ముందు ఆరి కుంచించుకుని, అతుకు దగ్గర పగుళ్లు వస్తాయి. తప్పు చెప్పే పనిని ఆకుకూ మట్టికీ వదిలేయండి. అవి మందలించవు, పోల్చవు, నిట్టూర్చవు. పిల్లలు వాటి మాట వింటారు. "అమ్మా, ఇది లేచిపోయింది, ఎందుకు?" అని మన దగ్గరికి వస్తారు. అప్పుడు చెప్పే మాటకు ఉన్న విలువ, అడగకుండా చెప్పినదానికి ఉండదు.

ఆకుల గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. నాకు వాటి మీద ఇష్టం ఎక్కువ, దాచుకోను.

ఆకు ఎందుకు రంగు మారుతుందో పిల్లలు తప్పకుండా అడుగుతారు. పచ్చగా ఉన్నప్పుడు కూడా ఆకులో పసుపు రంగు ఉంటుంది. కెరోటినాయిడ్లు అనే పదార్థాలవి. పత్రహరితం దండిగా ఉన్నంతకాలం ఆ పసుపును కప్పేస్తుంది. పగటి వెలుగు తగ్గి, చలి మొదలయ్యేసరికి చెట్టు కొత్త పత్రహరితాన్ని తయారు చేయడం మానేస్తుంది. ఉన్నది విరిగిపోతుంది. అప్పుడు లోపలి పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. చాలా చెట్లలో ఆ ఎరుపు ముందునుంచీ ఉండదు, ఆకు రాలబోయే ముందే ఆంథోసయనిన్లు అనే పదార్థాలుగా కొత్తగా తయారవుతుంది. అంటే పసుపు అప్పటిదాకా దాగి ఉన్నది, ఎరుపు చివర్లో పుట్టినది. ఈ మాట చెప్పగానే పిల్లలు ఆకుల కుప్పలను రెండుగా విడదీయడం మొదలుపెడతారు. దాగినవి ఇటు, పుట్టినవి అటు. ఒక్కసారి అలా విడదీసిన పిల్లవాడు ఇక "ఆకు అంటే పచ్చ" అని గీయడు.

ఆకులను ఆరబెట్టడంలో చాలామంది ఒక దగ్గర పొరబడతారు. నున్నటి మెరుపు కాగితాల మధ్య పెడతారు. ఆ కాగితం తడిని పీల్చదు, లోపల బూజు పడుతుంది. పాత వార్తాపత్రిక గానీ, బ్లాటింగ్ కాగితం గానీ కావాలి. మంచు ఆరిపోయిన వేళ, పొడిగా ఉన్న రోజున ఆకులు ఏరండి. ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. మొదటి నాలుగైదు రోజులు కాగితం మార్చాలి, ఎందుకంటే తడి అంతా అప్పుడే దిగుతుంది. రెండు మూడు వారాలకు ఆకు కాగితంలా అవుతుంది. ఆ కాగితం మార్చే పనిని ఇంట్లో చిన్నవారికి అప్పగించండి. రోజూ తెరిచి చూడటం వాళ్లకు పండగ. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది కనుక గోడకు వేలాడదీసేటప్పుడు నేరుగా వెలుగు పడని చోటు చూసుకోవాలి.

విరగని ఆకు కావాలంటే గ్లిజరిన్ ఉంది. ఒక వంతు గ్లిజరిన్, రెండు వంతుల నీళ్లు కలిపి, వెడల్పాటి పళ్లెంలో పోసి, ఆకులు పూర్తిగా మునిగేలా కొన్ని రోజులు ఉంచండి. నీళ్లు పోయి గ్లిజరిన్ ఆకులో నిలుస్తుంది. ఆకు మెత్తగా, వంగేలా ఉంటుంది, రంగు కాస్త ముదురుతుంది. తోరణంగా గుచ్చుకోవడానికి, చుట్టి పువ్వులా కట్టుకోవడానికి ఇవి బాగుంటాయి.

ఇక జల్లెడ ఆకులు. రావి, మాగ్నోలియా వంటి దళసరి ఆకులను నీళ్లలో కొన్ని వారాలు నానబెడితే కండ కుళ్లి మెత్తబడుతుంది. పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్దితే కండ పోయి ఈనెలు మాత్రం మిగులుతాయి. నీళ్లు వాసన వేస్తాయి, బయట పెట్టుకోండి, మధ్యమధ్య మార్చండి. ఓపిక ఉన్నవారి పని ఇది. ఎక్కువ ఒత్తితే చిరుగుతుంది, తక్కువ ఒత్తితే కండ పోదు. ఎంత ఒత్తాలో నేను ఎప్పుడూ చెప్పలేదు. రెండు ఆకులు చిరిగాక మూడో ఆకు వాళ్లకు చెబుతుంది.

ఇక్కడ జాగ్రత్తల మాట రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మూడేళ్లలోపు పిల్లల చేతికి గింజలు, చిన్న గులకరాళ్లు ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. గన్నేరు లాంటి విషపు చెట్ల ఆకులూ పువ్వులూ ఏరనివ్వకండి. పేరు తెలియని మొక్క జోలికి వెళ్లవద్దు. రాలినవే ఏరండి, కోయకండి. ఎడమచేతి వాటం పిల్లలుంటే ఎడమచేతి కత్తెర కొనివ్వండి. మామూలు కత్తెరను ఎడమ చేత్తో పట్టుకుంటే కోసే గీత అలుగు చాటున పడి కనబడదు, వేళ్ల ఒత్తిడికి అలుగులు దగ్గరికి రాక విడిపోతాయి. పిల్లవాడికి చేతకాదని మనం అనుకుంటాం. చేతకానిది ఆ కత్తెరకు.

ఇక పెద్దవాళ్ల సంగతి. "నాకు ఈ వయసులో బొమ్మలేమిటమ్మా" అనే తాతలూ అమ్మమ్మలూ ఉన్నారు కదా, వారికి ఒకామె గురించి చెప్పాలి.

ఇంగ్లండులో మేరీ డిలేనీ అనే ఆమె ఉండేవారు. 1700లో పుట్టారు. భర్త 1768లో చనిపోయారు. 1772లో, 72 ఏళ్ల వయసులో, ఒక రోజు బల్ల మీద ఉన్న జెరేనియం పువ్వు రేకు, పక్కనే ఉన్న ఎర్ర కాగితం ముక్క ఒకే రంగులో ఉండటం ఆమె కంట పడింది. కత్తెర తీసుకుని ఆ కాగితాన్ని రేకుల్లా కత్తిరించి నల్లటి కాగితం మీద అతికించారు. అక్కడ మొదలైన పని పదేళ్లు సాగింది. ఒక్కొక్క పువ్వుకు సన్నసన్నని కాగితం ముక్కలు వందల్లో. చూపు మందగించి ఆపేసేనాటికి దాదాపు వెయ్యి పువ్వులు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పనికి ముందు ఆమె చేసిన పని చూడటం. నిజం పువ్వును ఎదుట పెట్టుకుని, ఒక్కొక్క రేకునూ చూడటం. ఏ పాఠశాలలోనూ ఇంతకంటే మంచి చిత్రలేఖన పాఠం లేదని నా గట్టి నమ్మకం.

చేయి వణికేవారికి కత్తెర కష్టమంటారు. నిజమే. మా అత్తగారికి చేయి వణికేది. కత్తెర పట్టలేనని దూరంగా కూర్చునేవారు. ఒక వానాకాలం సాయంత్రం పిల్లలు మబ్బుల బొమ్మ చేస్తుంటే, ఊరికే చేతిలో ఉన్న నీలం కాగితాన్ని చింపుతూ కూర్చున్నారు. చింపిన కాగితానికి అంచు వెంట తెల్లటి పీచు లేస్తుంది. కత్తిరించిన కాగితానికి అది రాదు. ఆ తెల్లటి అంచు అచ్చం వెలుగు తగిలిన మబ్బు అంచులా ఉంది. పిల్లలు అది చూసి కత్తెరలు పక్కన పడేసి ఆవిడ చుట్టూ చేరారు. వణికే చేయి చింపిన అంచు మరీ అందంగా ఉంటుంది, ఎందుకంటే అది తిన్నగా వెళ్లదు, మబ్బు కూడా తిన్నగా ఉండదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మబ్బులు, కొండలు, అలలు చింపే పని ఆవిడది. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ మబ్బులు మా హాలు గోడ మీద ఉన్నాయి.

ఎండాకాలానికి నేను ఇచ్చే పని ఒక్కటే. ఎండతోనే బొమ్మ తీయడం.

సయనోటైప్ అంటారు దాన్ని. జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1842లో కనిపెట్టారు. రెండు రకాల ఇనుప లవణాలు కలిపి కాగితానికి పూసి చీకట్లో ఆరబెడతారు. దాని మీద ఆకు పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలిన చోట కాగితం నీలంగా మారుతుంది, ఆకు నీడ పడిన చోట మారదు. తరువాత మామూలు నీళ్లలో కడిగితే చాలు, నీలం మీద తెల్లటి ఆకు నిలుస్తుంది. లవణాలు కలిపే పని పెద్దవాళ్లు చేతికి తొడుగులు వేసుకుని చేయాలి. ముందే పూసిన కాగితాలు కూడా దొరుకుతాయి, పిల్లలకు అవే నయం. కడిగే ఆ క్షణంలో, నీళ్ల అడుగున బొమ్మ మెల్లగా తేరుకుంటున్నప్పుడు, పిల్లల మొహాలు చూడాలి. మీ మొహాలు కూడా చూసుకోండి.

ఈ పద్ధతితో పుస్తకమే తయారు చేసిన ఆమె కథలో ఒక కుటుంబం ఉంది, అందుకే చెబుతున్నాను. అన్నా అట్కిన్స్ పుట్టిన కొద్దికాలానికే తల్లి పోయింది. తండ్రి శాస్త్రవేత్త, ఆయనే పెంచారు. ఆయన గవ్వల గురించిన పుస్తకాన్ని అనువదిస్తుంటే ఆమె పక్కన కూర్చుని దానికి 200కు పైగా బొమ్మలు గీసింది. సముద్రపు నాచు మొక్కలను నీలి కాగితాల మీద పరిచి 1843లో పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. ఛాయాచిత్రాలతో వచ్చిన మొదటి పుస్తకంగా దాన్ని చాలామంది గుర్తిస్తారు. 1852లో తండ్రి చనిపోయినప్పుడు ఆమె బాగా కుంగిపోయింది. చిన్నప్పటి నుంచి అక్కాచెల్లెళ్లలా పెరిగిన స్నేహితురాలు ఆన్ డిక్సన్ వచ్చి ఆమెతో ఉంది. ఓదార్పు మాటలు ఎన్ని చెప్పుకున్నారో మనకు తెలియదు గానీ, ఇద్దరూ కలిసి ఫెర్న్ ఆకులను ఎండలో పరిచి నీలి బొమ్మలు తీశారు. ఆ సంపుటాలు నేటికీ ఉన్నాయి. ఇంట్లో మనిషి పోయిన కుటుంబాలు నా తరగతికి వచ్చినప్పుడు నేను ఎక్కువ మాట్లాడను. బల్ల మీద కాగితాలు పరుస్తాను.

పువ్వుల రంగు గురించి ఒక్క మాట. ఎర్ర మందారం లాంటి పూల రేకులను వేడి నీళ్లలో వేసి రంగు దించి, ఆ నీటితో బొమ్మలు గీయవచ్చు. ఆ బొమ్మ మీద నిమ్మరసం చుక్క వేస్తే ఎర్రబడుతుంది, వంటసోడా నీళ్లు వేస్తే నీలం వైపో పచ్చ వైపో మళ్లుతుంది. ఇందాక చెప్పిన ఆంథోసయనిన్ల పనే ఇదీ. ఈ రంగులు నిలవవు, కొన్ని వారాల్లో వెలిసిపోతాయి. నిలిచే రంగు కావాలంటే దుకాణంలో దొరుకుతుంది. ఇది ఆ పువ్వు పూసిన కాలపు రంగు, పువ్వుతో పాటే వెళుతుంది.

చలికాలం గురించి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. మంచు పడే చోట ఉన్నా, మంచు బొమ్మల్లోనే చూసినా, మంచుపలక ఆకారాన్ని కాగితంతో కత్తిరించని పిల్లలు తక్కువ. అయితే చాలామంది కాగితాన్ని సగానికి సగం మడుస్తూ పోయి ఎనిమిది మూలలు తెస్తారు. మంచు ఎప్పుడూ ఆరింటినే ఇష్టపడుతుంది. మంచుగడ్డలో నీటి అణువులు షట్కోణాలుగా పేర్చుకుంటాయి, అందుకని. చతురస్రం కాగితాన్ని మూల నుంచి మూలకు మడిచి త్రిభుజం చేయండి, పొడవైన అంచు నడిమి నుంచి ఆ త్రిభుజాన్ని మూడు సమాన భాగాలుగా మడవండి. ఇప్పుడు కత్తిరిస్తే ఆరు చేతులొస్తాయి. మూడు భాగాలు సమానంగా మడవడం చిన్నపిల్లలకు కష్టం. అది ఇద్దరు కలిసి చేసే పని, ఒకరు పట్టుకోవాలి, ఒకరు మడవాలి.

మంచుపలకలను సూక్ష్మదర్శిని కింద మొదట ఫొటో తీసినవారిలో విల్సన్ బెంట్లీ ప్రసిద్ధుడు. అమెరికాలోని వెర్మాంట్‌లో రైతు కుటుంబం. తల్లి ఒకప్పుడు ఉపాధ్యాయిని, ఇంట్లోనే చదువు చెప్పేది. పదిహేనేళ్ల కొడుకు చేతిలో పాత సూక్ష్మదర్శిని పెట్టింది ఆమే. మొదట మంచు పలకలను చూసి గీసేవాడు, గీసేలోగా కరిగిపోయేవి. తరువాత కెమెరా అమర్చి 1885లో మొదటి ఫొటో తీశాడు. జీవితకాలంలో 5,000కు పైగా తీశాడు. పొలం పనుల ఇంట్లో, కొడుకు మంచు ముక్కలను చూస్తూ కూర్చుంటానంటే కాదనని తల్లి. నాకు ఆ ఫొటోల కంటే ఆమె మీదే గౌరవం ఎక్కువ.

ఇప్పుడు మీకు నచ్చని సంగతి చెప్పాలి. బహుమతుల గురించి.

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. మూడు నుంచి అయిదేళ్ల వయసు పిల్లలు, తమంతట తామే ఇష్టంగా స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీసేవాళ్లు. వాళ్లలో కొందరికి ముందే చెప్పారు, బొమ్మ గీస్తే మంచి ప్రశంసాపత్రం ఇస్తామని. కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత, పెన్నులు, కాగితాలు మామూలుగా గదిలో ఉంచి, ఎవరు ఎంతసేపు గీస్తారో చూశారు. పత్రం ఇస్తామని ముందే ఆశపెట్టిన పిల్లలు, మిగతావాళ్లు గీసిన సమయంలో దాదాపు సగమే గీశారు. ఏమీ ఆశపెట్టని పిల్లల ఇష్టం అలాగే ఉంది.

అందుకే మా తరగతిలో మొదటి బహుమతి, రెండో బహుమతి లేవు. కొందరు తల్లిదండ్రులకు కోపం వచ్చింది, పిల్లలను మాన్పించి తీసుకెళ్లినవారు కూడా ఉన్నారు. నా నిర్ణయం మార్చుకోలేదు. ఇంట్లో కూడా "బాగా చేస్తే చాక్లెట్ ఇస్తాను" అనకండి. "ఎంత బాగుందో" అని వెంటనే అనడం కూడా కాసేపు ఆపండి. "ఈ ఆకు ఎక్కడ దొరికింది?" అని అడగండి. "ఈ కన్ను ఎటు చూస్తోంది?" అని అడగండి. పిల్లలు కథ చెప్పడం మొదలుపెడతారు. ఆ కథ కోసమే వాళ్లు బొమ్మ చేశారు.

మీకు రెండు గంటల తీరిక లేదని నాకు తెలుసు. అరగంట చాలు. ఫోన్లు వేరే గదిలో పెట్టి, అరగంట. మీ చేతిలో మీ పని ఉండాలి. మీ చేతులు ఖాళీగా ఉంటే అవి పిల్లల బొమ్మ మీదికి వెళతాయి, ఎంత నిగ్రహించుకున్నా వెళతాయి. ఆ రోజు నా చేతిలో ఇంకో ఆకు ఉండి ఉంటే, ఆ గింజ తోక దగ్గరే ఉండేది. మా పాపతో నేను మళ్లీ మొదలుపెట్టింది కూడా అలాగే. ఏమీ చేయమని అడగకుండా, పక్కన కూర్చుని నా కోసం నేను ఆకులు అతికించుకోవడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు వచ్చి చూసి వెళ్లింది. అయిదో రోజు వచ్చి, "నీ చెట్టుకు వేళ్లు లేవేమిటి?" అంది. తనే అతికించింది. నేను చెట్టును జరపలేదు, వేళ్లనూ జరపలేదు.

చేసినవాటిని ఏం చేయాలని కూడా అడుగుతారు. అన్నీ దాచలేం. మా ఇంట్లో ఒక అట్టపెట్టె ఉంది. ఏడాదికి ఒక్కొక్కరివి నాలుగు మాత్రమే అందులోకి వెళతాయి, ఎవరివి వాళ్లే ఎంచుకోవాలి. వెనక తేదీ, ఆ వస్తువు ఎక్కడ దొరికిందో రాయాలి. పిల్లలు రాయలేని వయసులో చెబితే మనం రాయాలి, వాళ్లు చెప్పిన మాటల్లోనే. నాలుగే ఎంచుకోమంటే వాళ్లు ఎంతసేపు ఆలోచిస్తారో మీరు చూడాలి. పెద్దవాళ్లకు బాగున్నవి చాలాసార్లు పెట్టెలోకి వెళ్లవు.

సరే, మాటలు చాలు. మీ ముందున్న పళ్లాల్లో ఆరబెట్టిన ఆకులు, రంగులు, మెత్తటి బ్రష్షులు, కాగితాలు పెట్టాం. ఇది ఆకు అచ్చు. లియొనార్డో డా విన్చీ నోటు కాగితాల్లో కూడా ఇలా అద్దిన ఆకు ఒకటి ఉంది, అంత పాత పని ఇది. ప్రతి ఒక్కరూ ఒక ఆకు తీసుకోండి. పెద్దలు కూడా, మీ ఆకు మీరు తీసుకోండి. పైవైపు నున్నగా ఉంటుంది, అక్కడ రంగు వేస్తే అచ్చు పడదు. వెనక్కి తిప్పండి. ఈనెలు పైకి లేచి ఉన్నాయి కదా, వేలితో తడిమి చూడండి. తొడిమ దగ్గర మొదలుపెట్టి పల్చగా రంగు పూయండి. ఎక్కువైతే ఈనెలు మునిగిపోతాయి, అది మీకు ఆకే చెబుతుంది. కాగితం మీద బోర్లించి, పైన ఇంకో కాగితం వేసి, అరచేత్తో అద్దండి.

పక్కవారి ఆకు వైపు చేయి పెట్టకండి. నేను తిరుగుతూ ఉంటాను, కావలసినవారు పిలవండి.